ఒక యాట, ఇరవై ఇండ్లు

యాటకు కార్జం ఒక్కటే. గుర్దాలు రెండు, కాళ్లు నాలుగు, తలకాయ ఒకటి. ఆదివారం పొద్దున దుకాణం ముందు నిలబడినవాళ్లలో కార్జం అడిగేవాళ్లు మాత్రం డజనుమంది ఉంటారు. 30 కిలోలు తూగే పోతును కోస్తే చేతికొచ్చే మాంసం 14, 15 కిలోలు. అందులో ఎముక ఉంటుంది, కొవ్వు ఉంటుంది, మెడ ఉంటుంది, పక్కన పలచటి పొర ఉంటుంది. అందరి కన్నూ వెనక తొడ మీదే. ఉన్న ఒక్క యాటను వచ్చిన అందరికీ సర్ది, ఎవరూ మోసపోయామని అనుకోకుండా, మధ్యాహ్నానికల్లా కొక్కేలు ఖాళీ చేయాలి. మాంసం అమ్మేవాడి అసలు పని ఇది. కత్తి పట్టడం ఏడాదిలో వస్తుంది. పంచడం అంత తొందరగా రాదు.

మాది ఆరెకటిక ఇల్లు. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, బయట తెలుగు, బేరంలో ఉర్దూ. తాత జనగామ వైపు పల్లెలో కోశాడు. నాయన హైదరాబాదు వచ్చి మునిసిపల్ మార్కెట్లో ఒక అరుగు తీసుకున్నాడు. అన్న ఇప్పుడు అద్దాల తలుపుల దుకాణం నడుపుతున్నాడు. నేను చదువు వైపు పోయి పత్రికల్లో పడ్డాను కానీ, సెలవు రోజుల్లో ఆ అరుగు పక్కన కూర్చుని పెరిగినదాన్నే. ముగ్గురూ అదే యాటను మూడు తీర్ల పంచారు. తాత పోగులు పెట్టాడు, నాయన తూకం వేశాడు, అన్న ముక్క పేరు చెప్పి అమ్ముతున్నాడు. పంచే తీరు మారినప్పుడల్లా ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో కూడా మారింది. ఈ వారం రాయాలనుకున్నది దాని గురించే.

తాత ఊళ్లో మాంసం దుకాణం లేదు. పండుగొస్తేనో, ఎవరింటికైనా చుట్టాలు దిగితేనో నలుగురు కలిసి కురుమల దగ్గర యాటను మాట్లాడుకుని తాతకు కబురు పెట్టేవాళ్లు. ముల్లా సాబును పిలిచి హలాల్ చేయించేవాళ్లు. తెలంగాణ పల్లెల్లో ఇది పాత ఆచారం, తినేది హిందువులైనా సరే. ఆ తర్వాత పనంతా తాతది. చెట్టుకొమ్మకు వేలాడదీసి తోలు తీసేవాడు. కత్తి కాళ్ల దగ్గర, మెడ దగ్గర, పొట్ట మీద గీతకు మాత్రమే. మిగతా తోలంతా పిడికిలితో నెట్టి విడదీసేవాడు, కత్తిగాటు పడిన తోలుకు ధర పలకదు కాబట్టి. కార్జం తీసేటప్పుడు చేదుకట్టును రెండు వేళ్లతో పట్టి తప్పించేవాడు. అది చిట్లిందంటే కార్జంతో పాటు దాని పక్కనున్నదీ పారేయాల్సిందే.

తర్వాత మోదుగాకులు పరిచి పోగులు. ఇరవై ఇండ్లవాళ్లు చెప్పి ఉంటే ఇరవై పోగులు. తొడను ఇరవై ముక్కలు చేసి తలా ఒకటి. సీనా ఇరవై, మెడ ఇరవై, కార్జం ఇరవై, బోటి ఇరవై. నల్లిబొక్కలు ఇరవై రావు కాబట్టి నల్లి పడని పోగులో గుర్దా ముక్కో, కాస్త మెత్తటిదో వేసి సరిచేసేవాడు. తక్కెడ ఉండేది కాదు, కంటిచూపే తూకం. అంతా అయ్యాక ఊళ్లో ఒకరు పోగులకు వీపు పెట్టి నిలబడేవాడు. తాత ఒక పోగు మీద చెయ్యి పెట్టి “ఇదెవలిది?” అని అడిగేవాడు. అటు తిరిగినాయన ఒక పేరు చెప్పేవాడు. పోగు పెట్టినవాడికి పేరు చెప్పే హక్కు లేదు, పేరు చెప్పేవాడికి పోగు కనపడదు. పటేలింటికి ఏది పోతుందో, చాకలింటికి ఏది పోతుందో ముందు తెలియదు కాబట్టి అన్నీ ఒక్క తీరుగా పెట్టక తప్పదు. పంపకంలో న్యాయం ఎలా ఉండాలో పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివాను. ఇంత తేలికగా, ఇంత గట్టిగా చేసి చూపించిన ఏర్పాటు వాటిలో నాకు అరుదుగా కనిపించింది.

అయితే పోగును పొగిడి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మోదుగాకుల మీద సమానంగా పడిన మాంసం ఊరి గీత దాటి పోలేదు. దళితవాడ పేర్లు ఆ లెక్కలో ఉండేవి కావు. తాత చేతి మాంసం తీసుకున్న ఇండ్లవాళ్లు తాతను అరుగెక్కనిచ్చేవాళ్లు కాదు. డబ్బులు చాలామంది పంట చేతికొచ్చాకే ఇచ్చేవాళ్లు, కొందరు అప్పటికీ ఇచ్చేవాళ్లు కాదు. రోజంతా వంగి చేసిన పనికి తాతకు ముట్టేది తలకాయ, కాళ్లు, తోలు.

ఆ తలకాయను, కాళ్లను డబ్బుగా మార్చింది నాయనమ్మ. ఈ వృత్తి లెక్క బయటివాళ్లకు తెలియదు. యాటను కొన్న డబ్బు, మాంసం అమ్మితే వచ్చే డబ్బు దాదాపు ఒక్కటే అవుతాయి. ఇల్లు గడిచేది తలకాయ, కాళ్లు, బోటి, తోలు మీద. తోలు పక్కన పెడితే మిగతా మూడూ ఆడవాళ్లు శుభ్రం చేస్తేనే అమ్ముడుపోతాయి. కట్టెల మంట మీద తలకాయను తిప్పితిప్పి వెంట్రుక కాల్చాలి, చర్మం పగలకూడదు. కాళ్ల గిట్టలు వేడి మీదనే కొట్టి ఊడదీయాలి. బోటి అన్నిటికంటే కష్టం. నెమరు వేసే జీవానికి పొట్ట నాలుగు అరలు. అందులో ఒక అర నిండా ఆకుల్లాంటి పొరలు, పొరపొరకూ మధ్య నమిలిన మేత ఇరుక్కుని ఉంటుంది. ఒక్కో పొర విప్పి కడగాలి. లోపలి నల్లపొర గీకడానికి వేడినీళ్లు పోస్తారు. నీళ్లు మరీ మరిగితే ఆ పొర పట్టేసుకుని ఊడదు, చల్లారితే అసలు కదలదు. నాయనమ్మ వేలు ముంచి చూసి “ఇగ పొయ్యి” అనేది. అమ్మ ఆమె దగ్గర నేర్చుకుంది. థర్మామీటరు ఎన్ని డిగ్రీలు చూపిస్తుందో అమ్మకు తెలియదు, ఎప్పుడు పోయాలో మాత్రం తెలుసు.

అప్పట్లో తోలు కూడా ఇంటిని నిలబెట్టేది. ఉప్పు పట్టించి మడిచి పెడితే వ్యాపారులు వచ్చి పట్టుకుపోయేవాళ్లు. అవి తమిళనాడులోని వాణియంబాడి, ఆంబూరు వైపు తోళ్లు శుద్ధిచేసే కార్ఖానాలకు చేరేవి. సన్నపేగులకూ గిరాకీ ఉండేది. ఆపరేషన్లలో కుట్లు వేసే ఒక రకం దారం గొర్రె పేగుతో చేసేవాళ్లు. ఇప్పుడు ఆ దారం స్థానంలో చాలాచోట్ల వేరే దారాలు వచ్చాయి. గొర్రెతోలునైతే ఊరికే ఇస్తామన్నా తీసుకుపోయేవాళ్లు దొరకని రోజులున్నాయి. తోలు ధర పడిపోయాక మిగులంతా బోటి, తలకాయ, కాళ్ల మీదే, అంటే ఆడవాళ్ల చేతుల మీదే ఆధారపడింది. మా దుకాణం బోర్డు మీద మగవాళ్ల పేర్లు మారాయి. అమ్మ పేరు ఎన్నడూ ఎక్కలేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి అది.

నాయన పొద్దు జియాగూడలో మొదలయ్యేది. మూసీ ఒడ్డున ఆ మండీలో తెల్లారకముందే బేరాలు సాగుతాయి. మన జిల్లాల జీవాలతో పాటు మహారాష్ట్ర, రాజస్థాన్ లారీలు దిగుతాయి. నాయన ముందు నోరు తెరిచి చూసేవాడు. పాలపళ్లుంటే లేత. ముందర రెండు పెద్దపళ్లు వచ్చాయంటే ఏడాది దాటింది. నాలుగు వస్తే రెండేళ్ల దగ్గర. ఎనిమిదీ వచ్చి నోరు నిండితే కూరకు కట్టెలు ఎక్కువ కావాలి. తర్వాత చివరి పక్కటెముక వెనక, నడుం మీద, బొటనవేలు ఒకవైపు మిగతా వేళ్లు ఒకవైపు పెట్టి నొక్కేవాడు. వెన్ను అంచు వేలికి గుచ్చుకుంటే కండ పట్టలేదని అర్థం, అసలే తగలకపోతే కొవ్వు కోసం డబ్బు పెడుతున్నామని అర్థం. అంచు గుండ్రంగా తగలాలి. పొట్ట మాత్రం చూసేవాడు కాదు. బేరానికి ముందు కడుపునిండా నీళ్లు పట్టించిన జీవం నిండుగానే కనబడుతుంది, కోశాక ఆ బరువు కాలవలో పోతుంది. నల్ల ఉన్ని దక్కనీ గొర్రె, తెల్లటి ఒంటికి కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే నెల్లూరు జోడిపి, పొడుగు చెవుల ఉస్మానాబాదీ మేక, ఒక్కోదానిలో ఎముక ఎంత, కండ ఎంత తేలుతుందో చెయ్యి వేసి చెప్పేవాడు. తర్వాత కాటా మీద చూస్తే అర కిలోకు మించి తేడా వచ్చిన జ్ఞాపకం నాకు లేదు.

కోత గురించి చెప్పకుండా ఈ పని గురించి రాయకూడదు. ప్రాణం పోయే చోట మేం పుట్టి పెరిగాం. ఒక జీవం ముందు ఇంకో జీవాన్ని కోయకూడదన్నది తాత నుంచి ఇంట్లో ఉన్న కట్టుబాటు. కత్తి దాని కళ్లకు చూపించేవాళ్లు కాదు, నీళ్లు పెట్టకుండా తెచ్చేవాళ్లు కాదు, చూలు ఉన్నదాన్ని ముట్టేవాళ్లు కాదు. 2001లో కేంద్రం కబేళాలకు నియమాలు తెచ్చినప్పుడు అందులోనూ ఇలాంటివే ఉన్నాయి: ఇతర జీవాల కంటపడేలా కోయరాదు, చూలు ఉన్నదాన్ని, మూడు నెలలు నిండని పిల్లను కోయరాదు, పశువైద్యుడు చూసి సరేనన్నదాన్నే కోయాలి. భయపడిన జీవం కండలో ఉన్న శక్తి అప్పటికే ఖర్చయిపోతుంది, ఆ మాంసం నల్లబడి బంకగా మారుతుంది. నాయన ఈ కారణం చెప్పేవాడు కాదు. “ఆఖరుకు దాన్ని సతాయించొద్దు” అనేవాడు, అంతే. కసాయి అన్న పదాన్ని తిట్టుగా వాడేవాళ్లు ఒక్కసారి వచ్చి ఆ తెల్లవారుజామున మా వాళ్ల చేతులు చూడాలని చాలాసార్లు అనుకున్నాను. మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో ఒక మాంసం అంగడికి వెళ్తాడు. కొనేవాళ్లు గుంపుగా ఉంటే ఒక పక్కన నిలబడతాడు, ధర్మవ్యాధుడే చూసి లేచి వస్తాడు. ఆ కథను తల్లిదండ్రుల సేవ కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ గుంపు ఇష్టం. ఆ అంగడిలో గిరాకీ బాగుందంటే అక్కడ తూకం సరిగ్గా ఉందన్నమాట.

నాయన అరుగు మీద తక్కెడ ఉండేది. కిలో ఇంత అన్నాక తొడకూ మెడకూ ఒకటే ధర. అందుకే పంచే బాధ్యత మొత్తం కత్తి పట్టినవాడి మీదకు వచ్చింది. ఎవరికి ఏ ముక్క వేస్తాడన్నది నాయన చేతిలో ఉంది. ఇక్కడే ఆయన పనితనం నాకు పూర్తిగా అర్థమయింది. కత్తి ఎత్తేముందు “ఏం వండుతున్నరమ్మా?” అని అడిగేవాడు. దాల్చా అంటే పక్కటెముకలు. మరగ్ అంటే ఎముకతో ఉన్న లేత ముక్క. బిర్యానీకి తొడ, ముందుకాలు కలిపి కొంచెం పెద్ద ముక్కలు, దమ్ములో కరిగిపోకుండా. గోంగూరకు కాస్త కొవ్వున్న సీనా, పులుపుకు కొవ్వు ఉంటేనే రుచి. ఒట్టితునకలకైతే సన్నటి పొడుగు చీలికలు, కొవ్వు లేకుండా, ఎండకు త్వరగా ఆరిపోయేలా. పళ్లు లేని ముసలమ్మ ఉన్న ఇంటికి కైమా. ఇలా అడిగి ఇస్తే ఒక ఇంటికి పనికిరానిది ఇంకో ఇంటికి కావలసింది అవుతుంది. ఎవరికీ తక్కువ కాదు, కొక్కెం మీద మిగిలేదీ ఉండదు. కార్జానికి మాత్రం వంతు. “ఈ ఐతారం వాళ్లకు, వచ్చే ఐతారం నీకు” అనేవాడు. ఆ వంతులన్నీ కాగితం మీద కాదు, తలలోనే. బాలింత ఉన్న ఇల్లొకటే వంతు తప్పించి ముందుకు వచ్చేది, దానికి ఎవరూ గొడవ పెట్టుకోలేదు.

మేకను కోసిన రోజు తోకను వెంట్రుకలతోనే ఉంచేవాడు, పోతు అని తెలియడానికి బీజాలు తీయకుండా వేలాడదీసేవాడు. కార్పొరేషన్ డాక్టరు వేసిన ముద్ర పైకి కనబడేలా పెట్టేవాడు. ఫ్రిజ్ లేదు. పొద్దున కోసింది మధ్యాహ్నంలోపు పోవాలి, దానికి తగిన కారణమే ఉంది. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది. బిగుసుకోకముందే వండినా మెత్తగా ఉంటుంది, చల్లటి చోట ఒక రోజు ఉంచి ఆ బిగువు వదిలాక వండినా మెత్తగానే ఉంటుంది. మధ్యలో వండిన కూరే ఎంత నమిలినా గొంతు దిగదు. సాయంత్రం కొని రాత్రికి వండి, ముదురు యాటను అంటగట్టారని తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

అన్న దుకాణంలో చింతమొద్దు ఇంకా ఉంది, పక్కనే రంపం మిషనూ ఉంది. చల్లటి గది ఉంది, ఆహార భద్రత లైసెన్సు గోడకు ఉంది, ఫోనులో ఆర్డర్లు వస్తాయి. శుభ్రత విషయంలో నాయన అరుగు కంటే ఇది ఎన్నో రెట్లు మేలు, ఈ మాట నాయన కూడా ఒప్పుకుంటాడు. వదిన పెళ్లయిన కొత్తల్లోనే బోటి కడగనని తేల్చి చెప్పింది. ఆ పనికి ఇద్దరిని జీతానికి పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు గానీ నాయనమ్మ, అమ్మ ఇన్నాళ్లూ చేసిన పనికి విలువ ఎంతో రూపాయల్లో మా ఇంటి లెక్కలోకి ఎక్కలేదు. వదిన చేసింది మంచి పని.

నాకు అభ్యంతరం ధరల పలక మీద. తొడకు ఒక ధర, చాంపులకు ఒక ధర, బోన్‌లెస్‌కు ఇంకో ధర, అన్నిటి కింద ఎముకలు. రంజాన్ నెలలో హలీం బట్టీలకు ఎముక లేని మాంసం మొత్తంగా పోతుంది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరికి అది గర్వకారణమే, మా అన్న ఏడాది అప్పులు తీరేదీ ఆ నెలలోనే. కానీ మెత్తటిదంతా ఒక దారిన పోయాక, నెల జీతంతో ముప్పావు కిలో కొనడానికి వచ్చే మనిషికి మిగిలేది మెడ, పక్కటెముకలు, పొర. నాయన దగ్గరైతే ఆ ముప్పావు కిలోలో ఒక తొడముక్క తప్పకుండా పడేది. అన్న వాదన అన్నకుంది: “ఎవలికి కావాల్సింది వాళ్లు కొంటరు. నేను జబర్దస్తీగ ఎవలికి మెడ వేస్తలేను గద.” నిజమే. కిలో లెక్కన అమ్మే రోజుల్లో, మాట్లాడలేని మనిషికి ఎముక ఎక్కువ వేసిన దుకాణాలూ ఉన్నాయి. పలక మీద ధర రాసి ఉంటే కనీసం ఆ మోసం సాగదు. అయినా ఒకే యాటను కొనేవాళ్లు డబ్బును బట్టి విడిపోయి తినడం నాకు మింగుడు పడలేదు.

కోసి పంచే మా వైపు కాక, ప్రభుత్వాలు గొర్రెలు పెంచేవాళ్ల వైపు చూశాయి. తెలంగాణలో 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలైంది, 20 గొర్రెలు, 1 పొట్టేలు ఒక యూనిట్, 75 శాతం రాయితీ. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం. మరి ఇన్ని జీవాలనూ కోసేది ఎక్కడ? పల్లెల్లో ఇప్పటికీ రోడ్డు పక్కన చెట్టు కింద, నీళ్లు లేని చోట. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, శిక్షణలు ఇస్తుంది, మా అన్న దుకాణంలాంటివి దాంతో బాగుపడతాయి. మండలానికొక శుభ్రమైన కోత స్థలం, అందులో నీళ్లు, డాక్టరు, ఒక చల్లటి గది, తోళ్లు సేకరించే ఏర్పాటు ఉంటే జనగామ వైపు ఇంకా చెట్టుకు వేలాడదీస్తున్న మా చుట్టాలకు మేలు జరుగుతుంది. గొర్రెలకు పెట్టిన ఖర్చులో ఇది చిన్న ముక్క.

పోగు మాత్రం అనుకోకుండా మా ఇంటికి తిరిగొచ్చింది. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. గాంధీ జయంతి నాడు నగరంలో మాంసం దుకాణాలు మూత. దసరాకు యాటకూర లేకపోతే తెలంగాణలో అది పండుగలా ఉండదు, కాబట్టి కొనేవాళ్లంతా ముందురోజే కొనాలి. ఒక్కొక్కరికీ ముక్క పేరు అడిగి కోసే తీరిక ఉండదని అన్నకు ముందే అర్థమయింది. దగ్గర్లోని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టాడు: యాట మొత్తం, సమాన పోగులు, ఒకటే ధర, పేర్లు రాసుకోండి. రాత్రికల్లా ఇరవైకి పైగా పేర్లు వచ్చాయి. పోగులు పెట్టే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే మిగిలింది. డెబ్బై దాటిన నాయన కుర్చీలో కూర్చుని, మోదుగాకులకు బదులు ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పెట్టించి, కార్జం దగ్గర నుంచి మెడ దాకా ఒక్కోటి పంచాడు. పాలుపంచుకున్నవాళ్లలో ఆఫీసర్లున్నారు, ఆ అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా ఉన్నాడు. ఎవరికి ఏ డబ్బా పోవాలో చెప్పడానికి వదిన గోడవైపు తిరిగి నిలబడి ఫోన్లో పేర్లు చదివింది.

సంక్రాంతికి కనుమ రోజు మళ్లీ చేయాలని అనుకుంటున్నారు. చిక్కల్లా బోటి దగ్గర వచ్చింది. సగం ఇండ్లవాళ్లు బోటి వద్దంటున్నారు. బోటి లేని డబ్బాకు ధర తగ్గించాలని అన్న అంటాడు. తగ్గిస్తే రేపు మెడ వద్దన్నవాడికీ తగ్గించాలి, ఎల్లుండి మళ్లీ పలకే వస్తుంది, పోగంటే అందరికీ అన్నీ అని నాయన పట్టుబట్టాడు. బోటి వద్దన్న ఇల్లు కావాలంటే కావలసిన ఇంటితో తామే మార్చుకోవాలట, ధర మాత్రం మారకూడదట. మధ్యలో నన్ను అడిగారు. నేను నాయన వైపు.